దూడ జబ్బుల్లో ఏ మందు, ఎప్పుడు: కృష్ణా డెల్టా రైతుకు ఎంపిక సలహా

విజయవాడలోనో గుంటూరులోనో పశువుల మందుల షాపుకెళ్లి "దూడ పారుతోందండీ" అంటే చాలు, కౌంటరు మీదకు నాలుగు రకాలు వచ్చి పడతాయి. నట్టల మందు, యాంటీబయాటిక్ బోలస్ (పెద్ద మాత్ర), పారుడు కట్టే పొడి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు. నాలుగూ పనికొచ్చేవే. ఆ దూడకు ఆ రోజు కావలసింది మాత్రం వాటిలో ఒకటో రెండో. ఏది కావాలో తేల్చేవి మూడు: దూడ పుట్టి ఎన్నాళ్లయింది, పేడ ఎలా ఉంది, జ్వరం ఉందా లేదా. ఈ మూడూ చెప్పకుండా మందు అడగొద్దు, అడక్కుండా మందిచ్చే చోట కొనొద్దు.

ఇక్కడ రాసినవి ఎక్కువగా ముర్రా, గ్రేడెడ్ ముర్రా గేదెదూడల గురించి. జెర్సీ సంకర దూడలకూ ఒంగోలు దూడలకూ తేడా ఉన్నచోట విడిగా చెబుతాం. పెయ్యదూడకు దక్కే పాలూ శ్రద్ధా దున్నదూడకు దక్కడం లేదన్నది డెల్టాలో అందరికీ తెలిసిన సంగతే. గేదె చేపడానికి రెండు గుక్కలు వదిలి కట్టేస్తారు. మాంసానికి పెంచి అమ్ముదామనుకునే దున్నదూడ మొదటి రెండు నెలల్లో ఎండిపోతే తర్వాత ఎంత దాణా పెట్టినా ఆ వెనకబాటు పూడదు. కింద చెప్పేవి, బ్రూసెల్లా టీకా ఒక్కటి తప్ప, రెంటికీ ఒకటే.

మందుకంటే ముందు థర్మామీటరు, టేపు

డిజిటల్ థర్మామీటరు ఒకటి గొడ్ల చావిట్లోనే ఉంచుకోండి. కొనకు కాస్త వాసెలిన్ రాసి, ఆసనంలోకి రెండంగుళాలు పెట్టి, పక్క గోడకు ఆనేట్టు కూత వచ్చేదాకా పట్టుకోవాలి. పేడ ముద్దలోకి దిగితే తక్కువ చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న దూడకు 101 నుంచి 103 డిగ్రీల ఫారన్‌హీట్. మే నెల మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు కింద కట్టిన దూడకు ఏ జబ్బూ లేకుండానే 103 దాటొచ్చు, అందుకే పొద్దున్నే చూసిన లెక్కే నమ్మదగింది. 104 దాటితే జ్వరం కింద లెక్క. 100 కంటే దిగితే అది జ్వరం కంటే చెడ్డ కబురు: దూడ చల్లబడిపోతోందన్నమాట.

రెండోది బరువు. నట్టల మందు పనిచేయలేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం కంటి అంచనాతో తక్కువ మోతాదు పట్టడమే. దర్జీ టేపుతో ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ఎముక కొన నుంచి తుంటి ఎముక కొన దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో సుమారుగా వస్తుంది. ఛాతీ 34, పొడవు 30 ఉన్న దూడ దాదాపు 52 కిలోలు. చూపుకి 40 అనిపించే దూడే అది.

జున్నుపాలు: తల్లివా, పక్కింటి గేదెవా, కోడిగుడ్డు మిశ్రమమా

ఇందులో పోటీయే లేదు, తల్లి పాలే. రోగాన్ని తట్టుకునే శక్తి దూడకు తల్లి కడుపులో ఉండగా రాదు, జున్నుపాలతోనే వస్తుంది. వాటిలోని రక్షకాలను (యాంటీబాడీలను) పేగు యథాతథంగా లోపలికి తీసుకునే తలుపు పుట్టిన క్షణం నుంచే మూసుకోవడం మొదలై 24 గంటల్లో పూర్తిగా మూతపడుతుంది. దూడ బరువులో పదో వంతు పాలు మొదటి 12 గంటల్లో పడాలి. 30 కిలోల గేదెదూడకు మూడు లీటర్లు: సగం మొదటి రెండు గంటల్లో, మిగతా సగం ఆ తర్వాత. 22 కిలోల జెర్సీ దూడకు రెండు లీటర్ల పైచిలుకు.

మాయ పడేదాకా దూడను కుడవనివ్వకూడదన్న మాట ఇంకా చాలా ఊళ్లలో నడుస్తోంది. మాయ పడటానికి ఎనిమిది పన్నెండు గంటలు పట్టొచ్చు. అంతసేపు ఆగితే పేగు తలుపు సగం మూసుకుపోయినట్టే. పైగా దూడ కుడిస్తేనే గర్భసంచి ముడుచుకుని మాయ తేలిగ్గా జారుతుంది.

తల్లి చనిపోయినా, పొదుగువాపు వచ్చినా రెండో దారి వేరే గేదె మొదటి పూట జున్నుపాలు. లీటరు సీసాల్లో డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి దాచుకుంటే ఏడాది దాకా పనికొస్తాయి. కరిగించేటప్పుడు పొయ్యి మీద పెట్టకండి. చెయ్యి పట్టేంత వేడినీళ్లలో సీసా ముంచి కరిగించాలి, 50 డిగ్రీల సెల్సియస్ దాటితే లోపలి రక్షకాలు చెడతాయి. కోడిగుడ్డు, ఆముదం, పాలు, నీళ్లు కలిపిన మిశ్రమం మూడో దారి. ఇది దూడకు ఆకలి తీరుస్తుంది, మొదటి పేడను జార్చుతుంది. రోగాన్ని ఆపే రక్షకాలు అందులో లేవు. వేరే ఏదీ దొరకనప్పుడు మాత్రమే, అదీ ఆ దూడను మిగతావాటికి దూరంగా శుభ్రమైన చోట కట్టుకుని.

పట్నంలో జున్నుకు మంచి ధర వస్తుంది, నిజమే. దూడ వాటా పోయాక మిగిలినవి అమ్ముకోండి.

బొడ్డు సంగతి క్లుప్తంగా: టింక్చర్ అయోడిన్ మొదటి ఎంపిక, అది లేకపోతే పోవిడోన్ అయోడిన్. చిన్న గిన్నెలో పోసి బొడ్డుతాడు మొత్తం మునిగేలా అర నిమిషం ఉంచాలి, రోజుకు రెండుసార్లు, మూడు రోజులు. దూదితో అద్దితే తాడు లోపలికి మందు ఎక్కదు. పసుపు పూస్తే పెద్ద హాని లేదు గానీ అయోడిన్ చేసే పని అది చేయదు. బూడిద, పేడ పూయడం మాత్రం ధనుర్వాతాన్నీ కీళ్లవాపునీ పిలిచి పీట వేయడమే.

నట్టల మందు: నాలుగు రకాలు, నాలుగు పనులు

గేదెదూడ లెక్క ఇక్కడ ఆవుదూడ లెక్కకంటే వేరు. తల్లి గేదె కండరాల్లో, కాలేయంలో దాగి ఉన్న ఏలికపాము పిల్లలు ఈనిన తొలి రోజుల్లో పాలతో పాటు దూడ పొట్టలోకి దిగుతాయి. కొట్టం అద్దంలా ఉన్నా ఇది ఆగదు. మూడు నాలుగు వారాల్లో అవి పెద్ద పాములై గుడ్లు పెట్టడం మొదలెడతాయి. బంకమట్టి రంగులో, పేస్టులా, పుల్లటి దుర్వాసనతో పేడ, నిక్కబొడుచుకున్న వెంట్రుకలు, చిక్కిన ఒంటికి తగిలించినట్టున్న పొట్ట. ఈ దశ దాకా ఆగకుండా పుట్టిన 10 నుంచి 16 రోజుల మధ్య మొదటి మందు పడాలి. అప్పుడు పురుగులు లేతగా ఉంటాయి, గుడ్లు పెట్టి చావిడి నేలను పాడుచేయకముందే పోతాయి.

మొదటి మోతాదుకు మా ఓటు పైపరజిన్‌కే. చవక, లేత దూడకు భద్రం, ఏలికపాముల మీద గురి తప్పదు. కిలో బరువుకు 200 నుంచి 250 మిల్లీగ్రాములు, అంటే 30 కిలోల దూడకు ఆరు నుంచి ఏడున్నర గ్రాములు. ద్రవం రూపంలో వచ్చేవాటి గాఢత కంపెనీ కంపెనీకీ మారుతుంది కాబట్టి సీసా మీద అసలు మందు ఎంతుందో చదివి లెక్క వేసుకోండి. దీని లోటు ఒకటే: ఏలికపాములు తప్ప వేరే పురుగుల మీద చెప్పుకోదగ్గ పని చేయదు.

నెల దాటాక, ముఖ్యంగా గడ్డి కొరకడం మొదలెట్టాక, ఫెన్‌బెండజోల్‌కు మారడం మంచిది. కిలోకు 7.5 మిల్లీగ్రాములు. ఏలికపాములతో పాటు గడ్డితో వచ్చే పొట్ట పురుగులూ పోతాయి. అల్బెండజోల్ కూడా అదే కుటుంబం, అదే మోతాదు, 2.5 శాతం ద్రవమైతే 30 కిలోలకు 9 మిల్లీలీటర్లు. దూడల వరకు రెంటికీ పెద్ద తేడా లేదు, ఏది దొరికితే అది. చావిట్లో కొత్తగా చూడి కట్టిన గేదెలున్నప్పుడు మాత్రం అల్బెండజోల్ సీసా వాటి దగ్గరకు పోకూడదు, తొలి 45 రోజుల పిండానికి అది చేటు.

ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను నట్టల మందుగా అందరూ అడుగుతున్నారు. చర్మం కింద, 50 కిలోలకు ఒక మిల్లీలీటరు చొప్పున. గజ్జి, పేలు, పొట్ట పురుగులు కలిసి ఉన్న నాలుగైదు నెలల దూడకు బాగుంటుంది. పది రోజుల దూడకు దాని అవసరం లేదు.

నాలుగోది కార్జపు జలగ మందు. కాలువ గట్ల మీద, వరి కోసిన మాగాణిలో మేసే పశువుకు నత్తల ద్వారా వచ్చే బెడద ఇది. తల్లి పాల మీదున్న దూడకు పట్టనవసరం లేదు. ఏడాది నిండిన పడ్డలకూ దున్నలకూ దవడ కింద నీరు దిగితే, చిక్కిపోతుంటే అప్పుడు ఎంచుకోవాలి. ఆక్సిక్లోజనైడ్ ఎదిగిన జలగలనూ పొట్ట జలగలనూ చంపుతుంది. ట్రైక్లాబెండజోల్ కార్జంలో తిరుగుతున్న పిల్ల జలగలను కూడా చంపుతుంది కానీ పొట్ట జలగల మీద పనిచేయదు. వానాకాలం ముగిశాక ఇంకా లక్షణాలు బయటపడని రోజుల్లో ట్రైక్లాబెండజోల్, వేసవి మొదట్లో ఆక్సిక్లోజనైడ్ అన్నది డెల్టాకు సరిపోయే వరస. పిల్ల జలగలు కార్జాన్ని తొలిచేది వానల తర్వాతి నెలల్లోనే.

మొదటి మందు తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి. ప్రతిసారీ మందు మార్చాలని పట్టుబట్టనక్కర్లేదు. సరైన బరువుకు నిండు మోతాదు పడటం ముఖ్యం. మంద మొత్తానికి ఒకే కొలత పోసేటప్పుడు దగ్గరి దగ్గరి బరువున్న దూడలను జట్లుగా విడదీసి, ఆ జట్టులో అన్నిటికంటే బరువైన దూడ లెక్కన పోయండి.

పట్టే పద్ధతి కూడా మందులో భాగమే. మూతి కంటి కంటే పైకి లేపకూడదు. బుగ్గ సందులోంచి నాలుక వెనక్కి కొంచెం కొంచెంగా, దూడ గుటక వేయడం చూస్తూ పోయాలి. తల ఆకాశానికెత్తి మందుగొట్టంతో గుమ్మరిస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూడో రోజు నెమ్ము మొదలవుతుంది, నింద మాత్రం నట్టల మందు మీద పడుతుంది. బాగా పొట్టపడి, నీరసించి నిలబడలేని దూడకు సొంతంగా నట్టల మందు పట్టకండి. చచ్చిన పాములు ఉండలు చుట్టుకుని పేగుకు అడ్డుపడతాయి. అలాంటి దూడను ముందు ద్రవాలతో నిలబెట్టి, డాక్టరు చేతి మీదుగా మందు పట్టించాలి.

పారుడు: వయసును బట్టి శత్రువు మారుతుంది

పుట్టిన నాలుగు రోజుల్లోపు నీళ్లలాంటి లేత పసుపు పారుడు వస్తే ఎక్కువగా ఈ.కోలి బ్యాక్టీరియా. జున్నుపాలు తక్కువ పడిన దూడ, తడి నేల. ఒక్క రోజులో దూడను పిండేస్తుంది. ఇక్కడ డాక్టరు రాసిచ్చే యాంటీబయాటిక్‌కు పని ఉంది, కానీ దాంతోపాటు ద్రవాలు లేకపోతే మందు పనిచేసేలోపు దూడ ఉండదు.

ఐదు నుంచి పదిహేను రోజుల మధ్య వచ్చేవాటిలో రోటా, కరోనా వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మ పరాన్నజీవి ముందుంటాయి. యాంటీబయాటిక్ వీటిని తాకదు. దూడ చురుగ్గా ఉండి, కుడుస్తూ, తెల్లగా జారుడుగా పెడితే పాలు ఎక్కువై కూడా కావచ్చు. ఒక పూట పాలు తగ్గించి చూడండి.

రెండు వారాల నుంచి రెండు మూడు నెలల దాకా గేదెదూడకు బంకమట్టి పేడ ఉంటే ఏలికపాములు, పైన చెప్పిన మందే.

మూడు వారాల నుంచి ఆరు నెలల దాకా రక్తం, జిగురు కలిసి, దూడ తోక ఎత్తి ముక్కుతూ ఉంటే కాక్సీడియోసిస్, అంటే కాక్సీడియా అనే కంటికి కనబడని పరాన్నజీవి పేగును దెబ్బతీసే జబ్బు. దీనికి నట్టల మందు పట్టి నాలుగు రోజులు పోగొట్టుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఆంప్రోలియం కిలోకు 10 మిల్లీగ్రాములు, ఐదు రోజులు. 20 శాతం పొడి అయితే 30 కిలోల దూడకు రోజుకు ఒకటిన్నర గ్రాము. పొడిగించి పొడిగించి వాడితే థయామిన్ అనే బి1 విటమిన్ లోటు వచ్చి దూడ తూలుతుంది, ఐదు రోజులకు ఆపండి. టోల్‌ట్రాజురిల్ ఒక్క మోతాదుతో సరిపోతుంది, ధర ఎక్కువ. ఒకటి రెండు దూడలుంటే ఆంప్రోలియం చాలు. ఒకే చావిట్లో పదికి పైగా దూడలుండి, రోజూ అందరికీ పట్టడం కుదరకపోతే టోల్‌ట్రాజురిలే నయం. పక్కనున్న కోళ్లఫారం వల్ల అంటుకుందనే అనుమానం అక్కర్లేదు, కోడి కాక్సీడియా దూడకు రాదు. తడిసిన నేల, దాణాలో పేడ పడటం, చిన్నా పెద్దా దూడలను ఒకే గుంజకు కట్టడం, ఇవే కారణాలు.

ఏ వయసులోనైనా జ్వరం, రక్తం, కుళ్లు కంపు మూడూ కలిస్తే సాల్మొనెల్లా కావచ్చు. అది మనుషులకూ అంటుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని డాక్టరుని పిలవండి.

పారే దూడ చచ్చేది క్రిమి వల్ల కంటే నీరూ ఉప్పులూ పోయి రక్తం ఆమ్లంగా మారడం వల్ల. మెడ మీద చర్మం చిటికెడు పట్టి లాగి వదలండి. రెండు సెకన్లలోపు సర్దుకుంటే సరే. రెండు నుంచి ఆరు సెకన్లు పడుతూ, కళ్లు కొంచెం లోపలికి పోయి, వేలు నోట్లో పెడితే ఇంకా చీకుతుంటే నోటి ద్వారా ఇచ్చే ద్రవాలు చాలు. వేలు చీకడం మానేసి, కనుగుడ్డుకీ రెప్పకీ మధ్య సందు కనబడుతూ, కాళ్లు చల్లబడి పక్కకు ఒరిగిపోతే నరంలోకి సెలైన్ తప్ప వేరే దారి లేదు. అలాంటి దూడకు సీసాతో పోస్తే పొలమారుతుంది.

నోటి ద్వారా ఇవ్వడానికి మూడు మార్గాలు. పశువుల కోసం చేసిన ఎలక్ట్రోలైట్ పొడి అన్నిటికంటే మేలు, ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ లేదా అసిటేట్ ఉందో లేదో ప్యాకెట్ మీద చూసుకోండి. రెండోది మెడికల్ షాపులో దొరికే మనుషుల ఓఆర్‌ఎస్, 20.5 గ్రాముల ప్యాకెట్ లీటరు నీళ్లకి. అందులో సిట్రేట్ ఉంటుంది గనక మోస్తరు పారుడుకు పనికొస్తుంది. రుచి కోసం చేసిన డబ్బా పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. మూడోది అర్ధరాత్రి ఇంట్లో చేసుకునేది: కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో గ్లూకోజ్ పొడి 20 గ్రాములు, ఉప్పు చదునుగా అర టీస్పూను, తినే సోడా చదునుగా అర టీస్పూను. గ్లూకోజ్ బదులు పంచదార వేయకండి. పంచదారను అరిగించుకునే ఎంజైమ్ దూడ పేగులో లేదు; అది పేగులో నిలిచి ఇంకా నీళ్లు లాగి పారుడు పెంచుతుంది. గంజి కూడా మూడు వారాల్లోపు దూడకు సరిగా అరగదు. కొబ్బరినీళ్లలో సోడియం తక్కువ. దానిమ్మ తొక్క కషాయం లాంటివి పట్టినా పోయిన నీరు తిరిగి రాదు కాబట్టి వాటిని నమ్ముకుని ఓఆర్‌ఎస్ మానొద్దు.

30 కిలోల దూడకు మోస్తరు నీటిలోటు ఉంటే పాలు కాక రోజుకు మూడు నాలుగు లీటర్లు, ఒంటి వేడి నీళ్లతో, లీటరు చొప్పున విడతలుగా. పాలు మానిపించకండి, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు కుడవనివ్వండి. పాలకీ ఈ ద్రవానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి, సోడా కలిసిన నీళ్లు పొట్టలో పాలు గడ్డకట్టకుండా అడ్డుపడతాయి. మనుషుల విరేచనాలు ఆపే లోపరమైడ్ మాత్రలు దూడకు వేయడం మానేయండి. పేగు కదలిక ఆగి క్రిమీ విషమూ లోపలే ఉండిపోతాయి.

యాంటీబయాటిక్ ఎప్పుడంటే: జ్వరం 104 దాటినా, పేడలో రక్తం ఉండి కాక్సీడియా కాదని తేలినా, దూడ చీకడం మానేసినా. ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టరు తేల్చాలి. పేడ పరీక్ష కష్టమేం కాదు. ఆసనం నుంచి నేరుగా తీసిన తాజా పేడ చిన్న మూత డబ్బాలో నింపి అదే పూట పశువైద్యశాలకో, గన్నవరం పశువైద్య కళాశాలకో చేర్చండి, నేల మీద ఎండిన పేడతో లాభం లేదు. కొలిస్టిన్ ఉన్న పాత స్టాకు ఎవరైనా అంటగడితే తీసుకోకండి, ఆహార పశువులకు దాని వాడకాన్ని 2019లోనే దేశమంతటా నిషేధించారు.

నెమ్ము

జ్వరం, ముక్కు కారడం, నిమిషానికి 40 దాటిన శ్వాస, దగ్గు. ఇక్కడ చిట్కా వైద్యంతో ఆలస్యం చేస్తే ఊపిరితిత్తి గట్టిపడి, బతికినా ఎదగని దూడ మిగులుతుంది. మొదటి రోజే యాంటీబయాటిక్ మొదలుపెట్టి, రెండో రోజుకి బాగున్నట్టు కనిపించినా డాక్టరు చెప్పినన్ని రోజులూ పూర్తి చేయాలి. జ్వరానికీ నొప్పికీ మెలాక్సికామ్ ఎంచుకోండి. డైక్లోఫెనాక్‌ను 2006లో, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో పశువులకు వాడకుండా నిషేధించారు; ఆ మందు ఒంట్లో ఉన్న కళేబరం తిన్న రాబందులు చనిపోతున్నాయని.

దోమలకని మూసిన చావిట్లో రాత్రంతా వేపాకు పొగ పెట్టడం దూడ ఊపిరికి చేటు. దోమతెర కట్టడం ఖర్చైనా అదే సరైన పని. డిసెంబరు, జనవరి మంచులో గోనెపట్టా కప్పి, కింద పొడి గడ్డి పరవండి. గాలి ఆడాలి, ఈదురుగాలి నేరుగా తగలకూడదు.

పిడుదులు: పిచికారీనా, వీపు మీద పోతనా, ఇంజెక్షనా

పశువు ఒంటి మీద కనిపించే పిడుదులు మొత్తంలో కొన్నే. మిగతావి గోడ పగుళ్లలో, గుంజల మొదట్లో, పేడదిబ్బ అంచున గుడ్లుగా, పిల్లలుగా ఉంటాయి. ఏ మందు ఎంచుకున్నా గోడలకూ నేలకూ కొట్టకపోతే మూడు వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది.

పిచికారీకి అమిట్రాజ్ 12.5 శాతం లీటరుకు 2 మిల్లీలీటర్లు, లేదా డెల్టామెత్రిన్ 1.25 శాతం లీటరుకు 2 మిల్లీలీటర్లు. చవక, మందకు అనువు. ఏళ్ల తరబడి డెల్టామెత్రినే వాడిన చోట పిడుదులు దానికి లొంగకపోతే అమిట్రాజ్‌కు మారాలి, మోతాదు పెంచకూడదు. పొద్దున్నే, నీళ్లు తాగించాక, చెవుల లోపల, తోక మొదట, పొదుగు చుట్టూ తడిసేలా కొట్టాలి. ఒళ్లు నాకకుండా ఆరేదాకా మూతికి చిక్కం వేయండి. రెండు నెలల్లోపు లేత దూడకు పిచికారీ కంటే చేత్తో ఏరడమే మంచిది. ఏరినవాటిని కిరసనాయిలులో వేయండి, నేల మీద నలిపితే గుడ్లు చెదురుతాయి.

ఫ్లూమెత్రిన్ 1 శాతం పోత మందు పది కిలోలకు ఒక మిల్లీలీటరు చొప్పున మెడ నుంచి తోక దాకా వెన్ను మీద గీతలా పోస్తారు. నాలుగైదు పశువులున్న ఇంటికి ఇదే సులువు. ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ పాలిచ్చే పశువుకు పనికిరాదు, పాలల్లోకి దిగుతుంది.

జెర్సీ సంకర దూడకు పిడుదులతో పాటు 105 డిగ్రీల జ్వరం, భుజం ముందు గడ్డలు ఉబ్బడం ఉంటే పిడుదుల ద్వారా వచ్చే థైలీరియా జబ్బును అనుమానించాలి. మూత్రం ఎర్రగా కాఫీ రంగులో పోస్తే బబీసియా, అదీ పిడుదులు అంటించేదే. మొదటిదానికి బుపార్వాక్వోన్, రెండోదానికి డిమినజీన్. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు, బుపార్వాక్వోన్ ధరా ఎక్కువే. ఇంజెక్షన్ వేయించే ముందు చెవి కొన నుంచి రక్తపు చుక్క గాజు పలక మీద తీయించి చూపించండి.

టీకాలు: ప్రభుత్వ టీకాయా, కలిపి ఉండే టీకాయా

గాలికుంటు టీకా నాలుగో నెలలో మొదటిది, నెల తర్వాత బూస్టర్, ఆపైన ఆరు నెలలకోసారి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఇది ఉచితం. ఆరు నెలలు నిండాక గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఏటా వానలకు ముందు, మే, జూన్‌లలో. మూడూ ఒకే సూదిలో ఉండే రక్షా ట్రయోవాక్ లాంటివి బయట దొరుకుతాయి. ఊళ్లో శిబిరం సమయానికి జరుగుతుంటే ఉచిత టీకాలే చాలు, డబ్బు దండగ చేసుకోవద్దు. శిబిరం జులై దాటేట్టుంటే, కాలువ ఒడ్డున లోతట్టులో ఉంటే, కలిపి ఉన్నది కొని డాక్టరుతో వేయించుకోండి. టీకా పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినట్టు నీళ్లు వచ్చిపడ్డాక గొంతువాపు టీకా కోసం పరుగెత్తితే ఆ మొదటి వారాలకు రక్షణ ఉండదు. కొన్న చోటు నుంచి ఐసు పెట్టెలో, 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య తేవాలి. గడ్డకట్టినా చెడుతుంది.

బ్రూసెల్లా (చూడి పశువు ఈసుకుపోయే జబ్బు) టీకా పెయ్యదూడలకు మాత్రమే, నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య, జీవితంలో ఒక్కసారి. దున్నదూడకూ కోడెదూడకూ వేయించకండి. బతికున్న క్రిమితో చేసిన టీకా గనక వేసేవాళ్లు చేతితొడుగులు వేసుకోవాలి. ముద్దచర్మ వ్యాధికి మేకల మశూచి టీకా వాడుతున్నారు, ఆవుజాతి దూడలకు అవసరం ఎక్కువ. నీరసంగా, జ్వరంగా ఉన్న దూడకు ఏ టీకా వద్దు. నట్టల మందు పట్టిన వారం పది రోజులకు వేయిస్తే మంచి పట్టు దొరుకుతుంది.

అమ్మే ముందు గడువు

మాంసానికి అమ్మే దున్నల విషయంలో మందు ఎంపికను గడువు కూడా మార్చేస్తుంది. సీసా మీద వేరే గడువు రాసి లేకపోతే మన దేశపు నిబంధన ప్రకారం మాంసానికి కనీసం 28 రోజులు, పాలకు 7 రోజులు ఆగాలి. ఐవర్‌మెక్టిన్, ఎక్కువకాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటివి ఒంట్లో చాలా రోజులు నిలుస్తాయి. నెలలోపు అమ్మకం ఉన్న పశువుకు పిడుదుల కోసం ఐవర్‌మెక్టిన్ బదులు, తక్కువ గడువున్న పిచికారీయే ఎంచుకోవాలి. చావిడి గోడకు ఒక పుస్తకం వేలాడదీసి తేదీ, చెవి పోగు నంబరు, మందు పేరు, మోతాదు రాసుకోండి. దూడ పడిపోతే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేసి ఆ పేజీ చదివి వినిపించండి, వచ్చే డాక్టరు ఏ మందు తేవాలో, ఏది తేనక్కర్లేదో అక్కడే తేలుతుంది.